రౌటర్‌కు డిస్క్ తగిలించి ఇంట్లోనే బ్యాకప్ సర్వర్: విశాఖ ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ సమగ్ర మార్గదర్శి

వైఫై రౌటర్ వెనకపక్క నెట్ కేబుళ్ల మధ్య ఒక యూఎస్‌బీ పోర్టు ఖాళీగా ఉంటే, బ్యాకప్ సర్వర్‌లో సగం మీ ఇంట్లో ఉన్నట్టే. దానికో పోర్టబుల్ డిస్క్ తగిలించి, రౌటర్‌లో ఎఫ్‌టీపీ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకో దానికి ఫైళ్లు పంపే పాత పద్ధతి) ఆన్ చేస్తే ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు అన్నీ తమ ఫైళ్లను అక్కడికి పంపుకుంటాయి. డాబాగార్డెన్స్‌లో ఇద్దరు ముగ్గురు పనిచేసే ఆడిటర్ ఆఫీసుకు, సీతమ్మధారలో నలుగురున్న ఇంటికి, గాజువాకలో చిన్న డీటీపీ షాపుకు ఇది చాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోకు మాత్రం చాలదు. రౌటర్‌లోని ప్రాసెసర్ ఇంటర్నెట్ ప్యాకెట్లను అటూ ఇటూ పంపడానికి పెట్టింది, దానికి డిస్క్ పని అదనపు బరువు. తక్కువ సంఖ్యలో పెద్ద ఫైళ్లు ఇస్తే చక్కగా మోస్తుంది. వేల చిన్న ఫైళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే చతికిలబడుతుంది. కింద చెప్పే సెట్టింగుల్లో చాలావాటికి కారణం ఇదే.

రౌటర్ పనికొస్తుందో లేదో ముందు తేల్చుకోండి

పోర్టు ఉండగానే సరిపోదు. కొన్నిటిలో అది డాంగిల్ పెట్టుకోవడానికో ప్రింటర్‌కో మాత్రమే పనిచేస్తుంది. బ్రౌజర్‌లో రౌటర్ అడ్రసు కొట్టి లాగిన్ అవ్వండి. టీపీ-లింక్, డీ-లింక్ అయితే మామూలుగా 192.168.0.1, చాలా ఫైబర్ పెట్టెల్లో 192.168.1.1, కొత్త ఆసుస్‌లలో 192.168.50.1. లోపల యూఎస్‌బీ స్టోరేజ్, ఫైల్ షేరింగ్, ఎఫ్‌టీపీ సర్వర్ అనే మాటల్లో ఏదో ఒకటి కనబడాలి. టీపీ-లింక్ ఆర్చర్ సీ7లో ఉండేది యూఎస్‌బీ 2.0, ఆర్చర్ ఏఎక్స్55లో 3.0, ఆసుస్ ఆర్‌టీ-ఏసీ68యూలో రెండూ ఉన్నాయి. చవక రౌటర్లలో ఎక్కువ భాగానికి పోర్టే ఉండదు, ద్వారకానగర్ షాపులో కొనేటప్పుడు పెట్టె వెనక బొమ్మ చూసి తీసుకోండి.

ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే పెట్టెలకూ చాలావాటికి యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. కస్టమర్‌కిచ్చే లాగిన్‌లో ఆ మెనూ కనబడకపోతే దానితో కుస్తీ పట్టకండి, సొంత రౌటర్ మేలు.

ఇక్కడొక చిక్కుంది. మన ఊళ్లో చాలా ఇళ్లలో ఫైబర్ పెట్టె ఒక వైఫై ఇస్తుంది, దాని వెనక తగిలించిన సొంత రౌటర్ ఇంకో వైఫై ఇస్తుంది. డిస్క్ సొంత రౌటర్‌కు ఉండి, ఫోన్ మాత్రం ఫైబర్ పెట్టె వైఫైలో ఉంటే, ఆ ఫోన్‌కు డిస్క్ కనబడదు. రౌటర్ దృష్టిలో ఫైబర్ పెట్టె వైపు ఉన్నవాళ్లంతా బయటివాళ్లే, ఫైర్‌వాల్ వాళ్లను లోపలికి రానివ్వదు. ఫైబర్ పెట్టె వైఫై ఆపేసి, అన్నిటినీ సొంత రౌటర్‌కే కలపండి. రెండు పెట్టెలకూ 192.168.1 వరసే ఉంటే సొంత రౌటర్ లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగులో దాని వరసను 192.168.5.1 లాంటి దానికి మార్చండి, లేకపోతే ఇంటర్నెట్టే సరిగ్గా రాదు.

రౌటరే సర్వర్ కాబట్టి దానికి ప్రత్యేకంగా స్థిరమైన ఐపీ ఇవ్వాల్సిన పని లేదు. రౌటర్ అడ్రసే సర్వర్ అడ్రసు, దాన్ని మీరు మారిస్తే తప్ప మారదు.

డిస్క్, దానికి అందే కరెంటు

యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. రెండున్నర అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు ఒక ఆంపియర్ దాకా అడుగుతుంది. అది అందకపోతే డిస్క్ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది, రౌటర్‌లో ఒకసారి కనబడి మాయమవుతుంది. డిస్క్ పాడైందనుకుని చాలామంది మార్చేస్తారు, నిజానికి దానికి కరెంటు చాలడం లేదంతే. దారులు మూడున్నాయి. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టడం, సొంత 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే మూడున్నర అంగుళాల డిస్క్ వాడటం, లేదా యూఎస్‌బీ కేసులో పెట్టిన సాటా ఎస్‌ఎస్‌డీ. చిన్న ఇంటికి మా ఓటు మూడోదానికి. అది తిరగదు, కుదుపులకు భయపడదు, తక్కువ కరెంటుతో నడుస్తుంది. పెన్‌డ్రైవ్ మాత్రం వద్దు. గంటల తరబడి రాస్తుంటే కాలిపోయేంత వేడెక్కుతుంది, ఎప్పుడు చచ్చిపోతుందో ముందుగా చెప్పదు.

సైజు 2 టీబీ లోపే తీసుకోండి. అంతకు మించిన డిస్కులకు జీపీటీ అనే కొత్త రకం పార్టిషన్ పట్టిక (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే జాబితా) కావాలి, పాత రౌటర్లు కొన్నిటికి అది చదవడం రాదు.

ఇక కరెంటు కోత సంగతి. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే రాస్తున్న ఫైలే కాదు, ఫోల్డర్ పట్టిక కూడా దెబ్బతినొచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నిశ్చింత లేదు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్, ఎకో అని చిన్న స్విచ్ ఉంటుంది. అది ఎకోలో ఉంటే కరెంటు మారే ఆ రెప్పపాటులో రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, ఫ్యాన్ మాత్రం ఏమీ తెలియనట్టు తిరుగుతూనే ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు జరపండి. ఇన్వర్టర్ లేనివాళ్లకు రౌటర్ మినీ యూపీఎస్ ఉంది. 3.7 వోల్టుల లెక్కన 8000 ఎంఏహెచ్ బ్యాటరీలో దాదాపు 30 వాట్-అవర్లుంటాయి. రౌటర్, డిస్క్ కలిపి 10 వాట్లు తింటే, నష్టాలు పోను రెండు గంటలకు పైగా వస్తుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. 12 వోల్టులు 2 ఆంపియర్లు అడిగే రౌటర్‌కు 1 ఆంపియర్ యూపీఎస్ పెడితే సరిగ్గా డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడే రౌటర్ ఆగిపోతుంది.

లాసన్స్ బే కాలనీ, ఆర్కే బీచ్ దగ్గరి ఫ్లాట్లలో ఇంకో బెడద ఉప్పుగాలి. యూఎస్‌బీ పిన్నుల మీద పచ్చటి పొర పడుతుంది, డిస్క్ ఉన్నట్టుండి ఊడిపోయి మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది. సముద్రం వైపు కిటికీ దగ్గర రౌటర్ పెట్టకండి. ప్లగ్గును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో అప్పుడప్పుడు తుడవండి, తుడిచేముందు కరెంటు తీసేయండి.

డిస్క్‌ను రౌటర్‌కు అంటించి కూడా పెట్టకండి. యూఎస్‌బీ 3.0 సంకేతాల రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో కలుస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చూపింది. డిస్క్ తగిలించిన రోజు నుంచి పక్కగదిలో వైఫై మందగించిందంటే అనుమానించాల్సింది దీన్నే. మంచి షీల్డింగ్ ఉన్న అర మీటరు కేబుల్‌తో డిస్క్‌ను యాంటెన్నాలకు దూరంగా జరపండి. ఆసుస్‌లో అయితే 3.0 పోర్టును 2.0గా నడిపే సెట్టింగు కూడా ఉంది.

ఫార్మాట్

డిస్క్‌ను ముందు కంప్యూటర్‌కు తగిలించి ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 వద్దు, అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటకూడదు. బ్యాకప్ జిప్ ఫైలు సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిపోయిందంటే కారణం అదే. ఎక్స్‌ఫ్యాట్‌ను కొన్ని రౌటర్లే చదువుతాయి, పైగా దానికి జర్నలింగ్ లేదు, అంటే కరెంటు పోయినప్పుడు కోలుకునే గుణం తక్కువ. విండోస్ ఇళ్లలో ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచి రాజీ. రౌటర్ కాలిపోయినా డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు పెట్టి ఫైళ్లు తీసుకోవచ్చు. రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లు లినక్స్ ఫార్మాటైన ఈఎక్స్‌టీ4 వాడండి, వేగం ఎక్కువ.

ఒకే పార్టిషన్ చేయండి. దానికి పేరు స్పేసులు లేకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నగా పెట్టండి. ఎఫ్‌టీపీలో లాగిన్ అవగానే మొదట కనబడే ఫోల్డర్ చాలా రౌటర్లలో ఈ పేరే, కొన్నిటిలో మాత్రం ఎస్‌డీఏ1 అని ఉంటుంది.

రౌటర్‌లో సెట్టింగులు

టీపీ-లింక్ దారి ఇది, మిగతా కంపెనీలవి మాటల్లోనే తేడా.

1. రౌటర్ ఆపి, డిస్క్ తగిలించి, ఆన్ చేయండి. రెండు నిమిషాలు ఆగండి, పెద్ద డిస్క్‌ను చదవడానికి దానికి టైమ్ పడుతుంది.

2. అడ్వాన్స్‌డ్‌లో యూఎస్‌బీ కిందికి వెళ్లండి. డిస్క్ పేరు, ఖాళీ సైజు కనబడాలి. డిస్క్ పేరు ఉండి సైజు లేకపోతే ఫార్మాట్ రౌటర్‌కు అర్థం కాలేదన్నమాట.

3. షేరింగ్ పద్ధతుల్లో ఎఫ్‌టీపీకి టిక్ పెట్టండి, పోర్టు 21 అలాగే ఉంచండి. పక్కనే ఇంటర్నెట్ ద్వారా ఎఫ్‌టీపీ అనే ఇంకో వరస ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి, ఆఫ్‌లోనే ఉండాలి.

4. అకౌంట్ దగ్గర రౌటర్ అడ్మిన్ లాగిన్నే వాడే డిఫాల్ట్ ఉంటుంది. అది మార్చి, కొత్త యూజర్ పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి.

5. డిస్క్ మొత్తం కాకుండా ఒక్క ఫోల్డరే షేర్ చేయండి. అథెంటికేషన్ ఆన్, గెస్ట్ యాక్సెస్ ఆఫ్, రాసే అనుమతి ఆన్. మూడోది మరిచిపోతే చూడటం కుదురుతుంది, పంపడం కుదరదు.

6. సిస్టమ్ టైమ్‌లో టైమ్ జోన్ ప్లస్ 5:30 పెట్టి, ఇంటర్నెట్ నుంచి టైమ్ తీసుకునేలా చేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు, కింద చెప్తాం.

ఆసుస్‌లో యూఎస్‌బీ అప్లికేషన్, సర్వర్ల సెంటర్, ఎఫ్‌టీపీ షేర్ అనే వరసలో వెళ్లాలి. అనామక లాగిన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి, అక్షరమాల యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని భాషల అక్షరాలనూ రాయగలిగేది) ఎంచుకోండి, టీఎల్‌ఎస్ (పంపేదాన్ని దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసేది) అనే గడి కనబడితే దానికీ టిక్ పెట్టండి.

నాలుగో అడుగు ఎందుకంటే, మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా వెళుతుంది. దీని మొదటి రూపం 1971 ఏప్రిల్ నాటిది. రాసింది ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. అప్పటి నెట్‌వర్క్‌లో ఉన్నవి ఒకరినొకరు ఎరిగిన కొన్ని యూనివర్సిటీల, పరిశోధనశాలల కంప్యూటర్లే, దొంగల ఊసు ఎవరికీ లేదు. మీ వైఫైలోకి చేరిన ఎవరైనా తలుచుకుంటే ఆ పాస్‌వర్డ్ చదవగలరు. అది రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అయితే ఇల్లంతా రాసిచ్చినట్టే. వచ్చినవాళ్లందరికీ వైఫై పాస్‌వర్డ్ చెప్పే అలవాటుంటే గెస్ట్ వైఫై పెట్టి అది ఇవ్వండి.

మరి ఇంత ముసలి పద్ధతి ఎందుకు, విండోస్ షేరింగ్ వాడొచ్చు కదా అంటే, కొత్త రౌటర్లలో వాడొచ్చు. పాత రౌటర్లు చాలావాటికి విండోస్ షేరింగ్ వాడే ఎస్‌ఎంబీ పద్ధతిలో మొదటి వెర్షన్ ఒక్కటే వచ్చు. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది దానిలోని లొసుగు పట్టుకునే. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో అది ఆఫ్‌లోనే వస్తుంది. పాత రౌటర్ కోసం దాన్ని మళ్లీ ఆన్ చేయమని యూట్యూబ్‌లో బోలెడు సలహాలున్నాయి, వినకండి. ఎఫ్‌టీపీకి ఇంకో లాభమూ ఉంది. అది డ్రైవ్ అక్షరంగా కంప్యూటర్‌కు అతుక్కుని ఉండదు, కనబడ్డ డ్రైవ్‌లన్నీ తాళం వేసుకుంటూ పోయే రాన్సమ్‌వేర్‌కు ఇది అంత తేలిగ్గా దొరకదు. అలాగని అసలు దొరకదని కాదు, పాస్‌వర్డ్ కంప్యూటర్‌లో సేవ్ అయి ఉంటుంది కదా.

మొదటి పంపకం

కంప్యూటర్‌లో ఫైల్‌జిల్లా అనే ఉచిత ఎఫ్‌టీపీ ప్రోగ్రాము వేసుకుని సైట్ మేనేజర్‌లో న్యూ సైట్ తెరవండి. ప్రోటోకాల్ ఎఫ్‌టీపీ, హోస్ట్ రౌటర్ అడ్రసు, పోర్టు 21. ఎన్‌క్రిప్షన్ దగ్గర ఉంటే టీఎల్‌ఎస్ వాడు, లేకపోతే మామూలు అనే అర్థం వచ్చే వరస ఎంచుకోండి. ట్రాన్స్‌ఫర్ సెట్టింగ్స్ ట్యాబ్‌లో ప్యాసివ్ (డేటా కనెక్షన్‌ను మీ కంప్యూటరే మొదలుపెట్టే పద్ధతి) పెట్టి, ఒకేసారి కనెక్షన్లు 2కు పరిమితం చేయండి. ఎక్కువ పెడితే వేగం పెరుగుతుందనుకుంటారు. రౌటర్‌లో జరిగేది తలకిందులు, ఉన్న కాస్త మెమరీ నిండి ఇంటర్నెట్ కూడా నత్తనడక నడుస్తుంది. ట్రాన్స్‌ఫర్ టైప్ బైనరీలో ఉంచండి. ఆస్కీలో, అంటే మామూలు అక్షరాల ఫైలుగా, వెళ్లిన జిప్ ఫైలు పంపేటప్పుడు బాగానే ఉంటుంది, తెరిచేటప్పుడు తెరుచుకోదు.

వేగం ఎంత ఆశించాలి? రౌటర్ నెట్ కేబుల్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వైతే కేబుల్‌తో కూడా సెకనుకు 11 ఎంబీ దాటదు. గిగాబిట్ పోర్టు, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే అడ్డంకి ప్రాసెసర్‌దే, పాత రౌటర్లలో 10 నుంచి 25 ఎంబీ మధ్య ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 5 ఎంబీ వస్తే సంతోషించండి. 200 జీబీ మొదటి బ్యాకప్ 25 ఎంబీ వేగంతో రెండుంపావు గంటలు, 11 ఎంబీతో అయిదు గంటలు, 5 ఎంబీతో పదకొండు గంటలు. కాబట్టి మొదటిసారి రౌటర్ జోలికి పోకుండా డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు పెట్టి కాపీ చేసేయండి, తర్వాతి మార్పులు మాత్రం రౌటర్ ద్వారా పంపండి.

చిన్న ఫైళ్ల గొడవ వేరు. ఎఫ్‌టీపీ ప్రతి ఫైలుకూ విడిగా ఒక డేటా కనెక్షన్ తెరిచి మూస్తుంది. 50 కేబీ ఫైళ్లు పదివేలు, 500 ఎంబీ ఫైలు ఒకటి, బరువు రెండిటిదీ ఒకటే. రెండోది నిమిషంలోపు వెళ్తుంది, మొదటిది పంపడం మొదలుపెట్టి మీరు భోజనం చేసి రావచ్చు. పాత బిల్లులు, స్కాన్ చేసిన కాగితాలు లాంటివి 7-జిప్‌తో నెలకొక ఫైలుగా కట్టి పంపండి. అందులోనే ఏఈఎస్-256 పాస్‌వర్డ్ పెట్టుకుంటే డిస్క్ ఎవరి చేతికైనా పోయినా భయం లేదు. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ వాడేవాళ్లు డేటా ఫోల్డర్‌ను నేరుగా పంపేముందు టాలీ మూసేయండి. తెరిచి ఉన్న డేటా కాపీ అయినట్టే కనిపించినా, తిరిగి తెరిచేటప్పుడు మొరాయిస్తుంది. టాలీ సొంత బ్యాకప్ వాడితే తేదీ పేరుతో ప్రతిసారీ కొత్త ఫోల్డర్ ఇవ్వండి, లేకపోతే కొత్తది పాతదాన్ని తుడిచి కూర్చోవచ్చు.

తెలుగు పేర్లున్న ఫైళ్లు

డీటీపీ షాపులకూ పత్రికల వాళ్లకూ ఇది పెద్ద తలనొప్పి. తెలుగులో పేరు పెట్టిన ఫైలు అవతల ప్రశ్న గుర్తులుగానో పిచ్చి గీతలుగానో కనిపిస్తే, పంపేవాడూ పుచ్చుకునేవాడూ వేరువేరు అక్షరమాలల్లో మాట్లాడుకుంటున్నారన్నమాట. రౌటర్‌లో యూటీఎఫ్-8 ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి. ఫైల్‌జిల్లా సైట్ మేనేజర్‌లో క్యారెక్టర్ సెట్ ట్యాబ్‌కు వెళ్లి యూటీఎఫ్-8నే బలవంతం చేయండి. అయినా కుదరకపోతే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌దే లోపం. తెలుగు పేర్లను జిప్ లోపల ఉంచి, జిప్‌కు మాత్రం అంకెల పేరు పెట్టడమే దారి.

పొడవాటి పేర్లతో ఇంకో ముప్పుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి, గుడికి, దీర్ఘానికి, పొల్లుకు కూడా విడిగా మూడేసి. విశాఖపట్నం అని రాస్తే పది గుర్తులు, 30 బైట్లు. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు హద్దు 255 బైట్లు, అంటే 85 గుర్తులకే ఖర్చయిపోతుంది. ఇంగ్లిష్‌లో అదే హద్దు 255 అక్షరాలు. పెళ్లి శుభలేఖ ఫైలుకు వధూవరుల పేర్లు, ఊళ్లు, ముహూర్తం అన్నీ కలిపి పేరు పెట్టే అలవాటుంటే అది కంప్యూటర్‌లో సేవ్ అవుతుంది, రౌటర్‌కు మాత్రం వెళ్లదు. దానికి తోడు ఫైల్‌లు, సైట్‌లో లాంటి మాటల్లో పొల్లు తర్వాత టైప్ అయ్యే కంటికి కనబడని విడదీసే గుర్తొకటి ఉంటుంది. అది ఉన్న పేరూ లేని పేరూ చూపుకు దాదాపు ఒకటే, రెండు వైపులా పోల్చి ఫైళ్లు పంపే సింక్ ప్రోగ్రాముకు రెండు వేరు ఫైళ్లు. ఒకే ఫైలు రెండుసార్లు కనబడితే ఒకసారి దీన్ని అనుమానించండి.

గడియారం తప్పితే

రౌటర్లలో చాలావాటికి లోపల బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోయి వస్తే, ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా అది 1970లోనో ఫర్మ్‌వేర్ తయారైన తేదీలోనో బతుకుతుంది. కరెంటొచ్చినా నెట్ రాని ఆ గంటలో బ్యాకప్ నడిస్తే ఫైళ్లకు పాత తేదీలు పడతాయి. తర్వాత సింక్ ప్రోగ్రాము, రౌటర్‌లో ఉన్నది పాతది కదా అనుకుని మొత్తం మళ్లీ పంపుతుంది.

దీనికంటే తరచుగా జరిగేది 5:30 గంటల తేడా. రౌటర్ తేదీలను ఒక టైమ్ జోన్‌లో చెబుతుంది, ప్రోగ్రాము ఇంకో దానిలో అర్థం చేసుకుంటుంది. ఏ ఫైలూ మార్చకపోయినా ప్రతి రాత్రీ అన్నీ కొత్తగా వెళ్తున్నాయంటే ఒక ఫైలు తేదీని రెండు వైపులా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా సరిగ్గా అయిదున్నర గంటలుంటే ఫైల్‌జిల్లా సైట్ మేనేజర్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సర్వర్ టైమ్ సవరణ గంటలు 5, నిమిషాలు 30 వేయండి, ప్లస్సో మైనస్సో తేడాను బట్టి. ట్రాన్స్‌ఫర్ మెనూలో ఫైళ్ల అసలు తేదీలు కాపాడే వరసకు టిక్ పెట్టండి. రౌటర్ ఆ ఆజ్ఞను లెక్కచేయకపోతే తేదీతో పోల్చడం మానేసి సైజుతో పోల్చండి.

రోజూ దానంతటదే జరగడానికి

విన్‌ఎస్‌సీపీ అనే విండోస్ ఎఫ్‌టీపీ ప్రోగ్రాములో కమాండ్స్ కింద సింక్రొనైజ్ ఉంది. దిశ రిమోట్ (అంటే రౌటర్) వైపు పెట్టి, ఫైళ్లు తొలగించే గడికి టిక్ లేకుండా చూసుకుని, మార్పుల జాబితా ముందుగా చూపించేలా ఒకసారి నడపండి. జాబితా సబబుగా ఉంటే అదే ప్రోగ్రాము ఇచ్చే స్క్రిప్టును సేవ్ చేసి, విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి పదకొండుకు పెట్టండి. ఆ స్క్రిప్టులో పాస్‌వర్డ్ పచ్చిగా ఉంటుంది, రౌటర్ అడ్మిన్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టమన్నది ఇందుకు కూడా.

ఇలాంటి నకలుకు ఒక లోపముంది. మీరు పొరపాటున ఎక్సెల్ ఫైలు ఖాళీ చేసి సేవ్ చేస్తే, రాత్రికి ఆ ఖాళీ ఫైలే వెళ్లి మంచిదాని మీద కూర్చుంటుంది. పాత వెర్షన్లు కావాలంటే డూప్లికాటీ అనే బ్యాకప్ ప్రోగ్రాము వాడండి. అది మారిన ముక్కలు మాత్రమే పంపుతుంది, పంపేముందే తాళం వేస్తుంది, వేల చిన్న ఫైళ్లను మామూలుగా 50 ఎంబీ కట్టలుగా కడుతుంది. రౌటర్‌కు కావాల్సిందీ అదే. తాళం పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది పోతే ఫైళ్లు పోయినట్టే, ఎవరూ తెరవలేరు.

ఆండ్రాయిడ్‌లో ఫోల్డర్‌సింక్ యాప్‌లో ఎఫ్‌టీపీ అకౌంట్ చేసి, డీసీఐఎం లోని కెమెరా ఫోల్డర్‌ను ఎంచుకోండి. ఇంటి వైఫైలో, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే నడవాలనే షరతు పెట్టండి. ఐఫోన్ సొంత ఫైల్స్ యాప్‌కు ఎఫ్‌టీపీ రాదు, ఫోటోసింక్ లాంటి యాప్ కావాలి. మ్యాక్‌లో ఫైండర్ ఎఫ్‌టీపీని చదువుతుంది గానీ రాయదు, అక్కడ సైబర్‌డక్ వేసుకోండి.

బయటి నుంచి వాడాలనుకుంటే

పోర్టు 21ను ఇంటర్నెట్‌కు తెరవకండి. ఆసుస్ రౌటర్లకు తగిలించిన డిస్కుల్లో 12,900కు పైగా 2014 ఫిబ్రవరిలో బయటివాళ్లు చొరబడ్డారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన ఫిర్యాదులో చెప్పింది, 2016లో ఆ కంపెనీతో రాజీ కుదుర్చుకుంది. ఆ రోజుల్లో ఆ రౌటర్ల డిస్క్ షేరింగ్ విజార్డ్ డిఫాల్ట్‌గా అందరికీ తలుపు తెరిచి పెట్టేది. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లలో పోర్టు తెరిచినా పనిచేయదు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, ఒకే పబ్లిక్ అడ్రసును అనేక ఇళ్లు పంచుకుంటున్నాయన్నమాట. బయటి నుంచి రావడం తప్పదనుకుంటే ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ మీద టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను తాళం వేసిన దారితో కలిపే వీపీఎన్ ప్రోగ్రాము) వేసి, ఇంటి నెట్‌వర్క్ అంతటికీ దారి ఇచ్చే సబ్‌నెట్ రూట్ పెట్టి, ఆ దారిన రండి.

ఎర్రర్ నంబర్లు

530 వస్తే పాస్‌వర్డో యూజర్ పేరో తప్పు, రౌటర్ రీసెట్ తర్వాత ఎక్కువగా వస్తుంది. 550 అంటే రాసే అనుమతి లేదు, లేకపోతే ఫోల్డర్ పేరు తేడా. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను కరెంటు పోయినప్పుడు సరిగ్గా మూయకపోతే కొన్ని రౌటర్లు దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తాయి, అప్పుడూ 550 వస్తుంది. డిస్క్‌ను కంప్యూటర్‌కు పెట్టి ఎర్రర్ చెకింగ్ నడిపితే పోతుంది. 425 అంటే డేటా కనెక్షన్ తెరుచుకోలేదు, ప్యాసివ్‌లో ఉందో లేదో, యాంటీవైరస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందో చూడండి. 421కి కనెక్షన్లు తగ్గించండి. 552 అంటే డిస్క్ నిండింది. 553 వస్తే ఫైలు పేరు నచ్చలేదు, పైన చెప్పిన తెలుగు పేర్ల సంగతి గుర్తుచేసుకోండి.

తిరిగి తీసి చూడండి, రెండో డిస్క్ పెట్టండి

నెలకోసారి బ్యాకప్‌లోంచి ఒక ఫొటో, ఒక ఎక్సెల్, ఒక పెద్ద జిప్ తీసి వేరే కంప్యూటర్‌లో తెరవండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. మూడు నెలలకోసారి డిస్క్‌ను కంప్యూటర్‌కు పెట్టి డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో చూడండి. డిస్క్ ఆరోగ్యం గురించి రౌటర్ నోరు విప్పదు. పసుపు రంగు చూపిస్తే ఆ వారమే కొత్తది కొనండి.

డిస్క్ తీసేటప్పుడు రౌటర్ పేజీలో సేఫ్లీ రిమూవ్ నొక్కి, లైటు ఆరాక తీయాలి. ఉరుముల వానల్లో రౌటర్ ప్లగ్గుతో పాటు పై అంతస్తు నుంచి వచ్చే నెట్ కేబుల్ కూడా పీకండి. ఫైబర్ గాజుది కాబట్టి దాని ద్వారా పిడుగు రాదు, రాగి కేబుల్ ద్వారా వస్తుంది.

రౌటర్ డిస్క్ ఇంట్లోనే ఉంటుంది. దొంగతనమైనా, నీళ్లు కారినా కంప్యూటర్‌తో పాటే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు, నెట్ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు క్లౌడ్‌లో ఉన్నదీ చేతికి రాదు. అందుకే ఒకే సైజువి రెండు డిస్కులు కొని నెలకోసారి మార్చండి. ఒకటి రౌటర్‌కు, రెండోది మధురవాడలోనో అక్కయ్యపాలెంలోనో చుట్టాల ఇంట్లో. రెండిటికీ ఒకే పార్టిషన్ పేరు, ఒకే ఫోల్డర్ ఉంటే స్క్రిప్టు మార్చాల్సిన పని ఉండదు. తుపాను హెచ్చరిక జెండా ఎగరగానే బ్యాకప్ ఒకసారి చేతితో నడిపి, డిస్క్ తీసి, సిలికా జెల్ పొట్లాలతో జిప్ కవర్లో పెట్టి, నేలకు ఎత్తులో ఉంచండి. కరెంటొచ్చాక వోల్టేజి నిలకడగా ఉందని చూసుకున్నాకే రౌటర్ ఆన్ చేయండి, టైమ్ సరిగ్గా చూపించాకే డిస్క్ తగిలించండి.